మహమ్మారి ముంచుకొచ్చినప్పుడు ఏది సబబో ఎవరు చెప్పాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

చికిత్సలో, పరిశోధనలో ఏది న్యాయమో పరిశీలించే ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో నేను కొన్నేళ్లుగా సామాన్య సభ్యుల కోటాలో ఉన్నాను. డాక్టర్ని కాదు, లాయర్ని కాదు, రోగి తరఫున అడగాల్సింది అడగడమే నా పని. కోవిడ్ రోజుల్లో ఆ కుర్చీలో కూర్చున్నాక నాకు బాగా అర్థమైంది ఒకటే. కష్టమైన నిర్ణయాల్లో సలహా చెప్పే మనుషులు, ఆ సలహాకు ఆధారంగా నిలిచే నియమాలు జబ్బు రాకముందే సిద్ధంగా ఉండాలి. అప్పటి నుంచి నర్సులు, విద్యార్థులు, కమిటీల్లో కొత్తగా చేరినవాళ్లు, ఏ సంబంధం లేని స్నేహితులు కూడా నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

వైరస్‌ను ఆపడం సైన్స్ పని కదా, మధ్యలో నైతికత ఎందుకు?

ఈ టీకా ఎంతవరకు పనిచేస్తుంది, ఈ జబ్బు గాల్లో వ్యాపిస్తుందా తాకితే వస్తుందా, రోగిని ఎన్ని రోజులు విడిగా ఉంచాలి, ఇవన్నీ సైన్స్ కొలిచి చెబుతుంది. కానీ డోసులు వెయ్యే ఉండి, కావాల్సినవాళ్లు లక్ష మంది ఉంటే ముందు ఎవరికి ఇవ్వాలన్నది ఏ ల్యాబూ చెప్పలేదు. పెద్దవాళ్లకు ఇస్తే చావులు తగ్గొచ్చు, ఎక్కువ తిరిగేవాళ్లకు ఇస్తే వ్యాప్తి తగ్గొచ్చు, నర్సులకు ఇస్తే ఆసుపత్రులు నిలబడొచ్చు. ఈ మూడింటిలో దేనికి ఎక్కువ విలువ ఇస్తున్నామో మనమే తేల్చుకోవాలి. మనం కూర్చుని తేల్చుకోకపోతే పలుకుబడి ఉన్నవాళ్లకు ముందు అందుతుంది, అంతే. "సైన్స్ చెప్పినట్టే చేస్తున్నాం" అని ఏ ప్రభుత్వం అన్నా ఆ మాట వెనకాల ఒక విలువల లెక్క ఉంటుంది. ఆ లెక్కను బయటపెట్టి మాట్లాడుకోవడంతోనే నైతిక మార్గదర్శనం మొదలవుతుంది.

జనం చచ్చిపోతుంటే ఇవన్నీ చర్చించే తీరిక ఎక్కడిది?

ఉండదు. అందుకే ముందే చర్చించాలి అంటున్నాం. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడం మొదలుపెడితే నీళ్లు పడేసరికి బూడిదే మిగులుతుంది.

2003లో సార్స్ అనే శ్వాసకోశ అంటువ్యాధి వచ్చినప్పుడు కెనడాలో ఎక్కువగా దెబ్బతిన్న నగరం టొరంటో. ఎవరిని క్వారంటైన్‌లో పెట్టాలి, జబ్బు అంటుకుంటుందన్న భయం ఉన్నా నర్సు డ్యూటీకి రావాల్సిందేనా, మామూలు ఆపరేషన్లు వాయిదా పడి నష్టపోయినవాళ్లకు ఏం సమాధానం చెప్పాలి, ఇవన్నీ అక్కడ అప్పటికప్పుడు తేల్చాల్సి వచ్చింది. తర్వాత టొరంటో విశ్వవిద్యాలయ బయోఎథిక్స్ కేంద్రం వాళ్లు ఆ అనుభవాన్నంతా కూడగట్టి, ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి వస్తే ఎలా నడుచుకోవాలో 2005లో ఒక నివేదిక రాశారు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఫ్లూ మహమ్మారికి నైతిక మార్గదర్శకాలు ఇచ్చింది, 2016లో అంటువ్యాధులన్నిటికీ కలిపి ఇంకో పత్రం తెచ్చింది. అంటే కాగితాలు ఉన్నాయి. అయినా 2020 మార్చిలో ఇటలీ మత్తు వైద్యుల సంఘం, ఉత్తర ఇటలీలోని లొంబార్డీలో ఐసీయూలు నిండిపోతున్న వారంలో, ఎవరిని లోపలికి తీసుకోవాలో, అవసరమైతే వయసు పరిమితి పెట్టాలో తామే కూర్చుని రాసుకోవాల్సి వచ్చింది. ఆ పత్రంపై విమర్శలు వచ్చాయి. కానీ వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆ భారం మోయాల్సింది ఒక వైద్యుల సంఘం కాదు, దాన్ని వాళ్ల నెత్తిన వదిలేయడమే అసలు తప్పు.

చట్టాలు ఉన్నాయిగా, అవి చాలవా?

చట్టం హద్దు గీస్తుంది. ఆ హద్దు లోపల ఏది మంచిదో చెప్పదు. హక్కుల మీద ఆంక్షలు పెట్టాలంటే అవి చట్టబద్ధంగా ఉండాలి, నిజంగా అవసరమై ఉండాలి, ఉన్న మార్గాల్లో తక్కువ ఇబ్బంది పెట్టేది ఎంచుకోవాలి, వివక్ష ఉండకూడదు అని 1984లో అంతర్జాతీయ న్యాయ నిపుణులు రాసిన సిరక్యూసా సూత్రాలు చెబుతాయి. 2005 అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లోనూ మనుషుల గౌరవాన్ని, హక్కులను కాపాడాలని స్పష్టంగా ఉంది. ఇవి మంచి పునాదే. కానీ ఇద్దరు రోగులు, ఒకే మంచం అన్నప్పుడు ఇవేవీ సరిగ్గా సమాధానం చెప్పవు.

ఎబోలా అప్పుడు ఒక మందు విషయంలో పెద్ద గొడవ అయిందట, ఏం జరిగింది?

ఈ విషయం మొత్తం అర్థం కావాలంటే నేను ఎవరికైనా ముందు చెప్పేది ఈ కథే.

2014లో గినియా, లైబీరియా, సియెర్రా లియోన్‌లలో ఎబోలా చెలరేగింది. అది చల్లారేలోపు 28,600 మందికి పైగా జబ్బుపడ్డారు, 11,300 మందికి పైగా చనిపోయారు. ఆ సమయంలో జీమ్యాప్ అనే మందు ఉంది. కోతుల మీద బాగా పనిచేసింది, మనుషులకు ఎప్పుడూ ఇవ్వలేదు, ఉన్నది వేళ్ల మీద లెక్కపెట్టే డోసులు. సియెర్రా లియోన్‌లో ఎబోలా చికిత్సకు ముందుండి నడిపించిన డాక్టర్ షేక్ ఉమర్ ఖాన్‌కే జబ్బు సోకింది. ఆయన పడుకున్న చికిత్సా కేంద్రంలోనే ఆ మందు ఉంది. ఇవ్వాలా వద్దా అని ఆయన్ని చూస్తున్న డాక్టర్లు తర్జనభర్జన పడ్డారు. ఇచ్చి ఆయన చనిపోతే, ఆఫ్రికా డాక్టర్ మీద ప్రయోగం చేసి చంపారని జనం తిరగబడతారని భయపడ్డారు. చివరికి ఇవ్వలేదు. అప్పటి వార్తా కథనాల ప్రకారం ఆ మందు ఉన్న సంగతి ఆయనకు చెప్పనేలేదు. జులై 29న ఆయన చనిపోయారు. ఆ రోజుల్లోనే ఆ మందు లైబీరియాలో జబ్బుపడిన ఇద్దరు అమెరికన్లకు అందింది, వాళ్లు బతికారు.

ప్రపంచం మండిపడింది. తెల్లవాళ్లకో న్యాయం, ఆఫ్రికా వాళ్లకో న్యాయమా అని అడిగారు. ఆ కోపం న్యాయమైనదే. అయితే నాలుగేళ్ల తర్వాత కాంగోలో మళ్లీ ఎబోలా వచ్చినప్పుడు పామ్ అనే ట్రయల్‌లో నాలుగు మందులను పోల్చి చూశారు. జీమ్యాప్ తీసుకున్నవాళ్లలో దాదాపు సగం మంది చనిపోతే, వేరే రెండు యాంటీబాడీ మందులు తీసుకున్నవాళ్లలో చనిపోయింది మూడో వంతు చొప్పున. 2019 ఆగస్టులో జీమ్యాప్‌ను పక్కన పెట్టేశారు. అందరూ ప్రాణాధారం అనుకున్న మందు పోటీలో వెనకబడింది.

అయితే ఆ మందు డాక్టర్ ఖాన్‌ను బతికించేదా అంటే ఎవరూ చెప్పలేరు. నాకు మింగుడు పడనిది మాత్రం అది కాదు. స్పృహలో ఉన్న మనిషి, అందులోనూ ఆ జబ్బు గురించి ఆ దేశంలో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి. ఆయన్ని అడగొచ్చు కదా. ఆ రాత్రి ఆ డాక్టర్లు ఫోన్ చేసి సలహా అడగడానికి ఒక మనిషి, ఒక నంబరు ఉండి ఉంటే, "ముందు ఆయన్నే అడగండి" అని ఎవరో ఒకరు అనేవాళ్లు.

అంటే ఆమోదం లేని మందును మనుషులకు ఇవ్వొచ్చా?

కొన్ని షరతులతో ఇవ్వొచ్చు. జీమ్యాప్ గొడవ తర్వాత 2014 ఆగస్టు 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందాన్ని పిలిచి అడిగింది. మరో చికిత్స లేనప్పుడు, మరణాలు ఇంత ఎక్కువగా ఉన్నప్పుడు ఇవ్వడం నైతికంగా తప్పు కాదు అని ఆ బృందం చెప్పింది. దాంతోపాటు ఇంకో మాట కూడా అంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. ఇస్తే ఏం జరిగిందో రాసి, అందరితో పంచుకోవాల్సిన బాధ్యత కూడా ఉంది అని. తర్వాత దీన్నే ఒక పద్ధతిగా మలిచి 2016 మార్గదర్శకాల్లో పెట్టారు, దాన్ని మ్యూరీ అంటారు. ట్రయల్ వెంటనే మొదలుపెట్టలేనప్పుడు మాత్రమే, ఎథిక్స్ కమిటీ అనుమతితో, రోగి సమ్మతితో, ఫలితాలు నమోదు చేస్తూ, వీలైనంత త్వరగా అసలు ట్రయల్‌కు మారే ఉద్దేశంతో ఇవ్వాలి. ఎవరికి తోచిన మందు వాళ్లు రాసేయడం, ఎవరు కోలుకున్నారో ఎవరు పోయారో లెక్క లేకపోవడం, ఇది ఆ పద్ధతిలోకి రాదు. కోవిడ్ తొలి నెలల్లో చాలా చోట్ల జరిగింది అదే.

ప్రాణం మీదికి వచ్చిన మనిషిని ట్రయల్‌లో పెట్టి, మందు ఇవ్వని గ్రూపులో వేయడం క్రూరం కాదా?

నన్ను ఎక్కువ కోపంగా అడిగే ప్రశ్న ఇది. మందు పనిచేస్తుందని ముందే తెలిస్తే అది క్రూరమే. తెలియనప్పుడే ట్రయల్ పెడతాం. మందు మేలు చేస్తుందో కీడు చేస్తుందో నిజంగా తెలియని స్థితిలో మందు దొరకని గ్రూపే నష్టపోయిందని ముందే అనుకోవడానికి లేదు. హైడ్రాక్సీక్లోరోక్విన్ గుర్తుందా? ప్రపంచమంతా దానికోసం ఎగబడింది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ 2020 జూన్ మొదటి వారంలో ఆసుపత్రి రోగులకు దాంతో ప్రయోజనం లేదని తేల్చింది. రెండు వారాలు తిరగకుండానే అదే ట్రయల్, డెక్సామెథసోన్ అనే పాత, చవకైన స్టెరాయిడ్ వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ల మరణాలను మూడో వంతు తగ్గిస్తుందని, ఆక్సిజన్ మాత్రమే అవసరమైన వాళ్లలో ఐదో వంతు తగ్గిస్తుందని చెప్పింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు దాంతో ఏ లాభమూ కనపడలేదు. ఈ తేడా ఏ డాక్టర్ అనుభవంతోనూ బయటపడేది కాదు.

అయినా ట్రయల్‌ను మనసుపెట్టి రూపొందించే మార్గాలు చాలానే ఉన్నాయి. 2015లో గినియాలో ఎబోలా టీకాను పరీక్షించినప్పుడు ఉత్తుత్తి టీకా ఎవరికీ ఇవ్వలేదు. ఒక రోగి బయటపడగానే అతనితో మెలిగినవాళ్లను, వాళ్లతో మెలిగినవాళ్లను ఒక వలయంగా తీసుకున్నారు. కొన్ని వలయాలకు వెంటనే, కొన్నిటికి 21 రోజుల తర్వాత టీకా వేశారు. వెంటనే వేసినవాళ్లలో 10 రోజులు దాటాక ఒక్క కేసు కూడా రాలేదు. మధ్యంతర ఫలితాలు అంత బాగుండడంతో ఆలస్యంగా వేయడం ఆపేసి అందరికీ వెంటనే వేయడం మొదలుపెట్టారు.

ఎమర్జెన్సీలో చేసిన పరిశోధన బెడిసికొట్టిన సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి. 1996లో నైజీరియాలోని కానోలో మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) ప్రబలినప్పుడు ఫైజర్ కంపెనీ సుమారు 200 మంది పిల్లల మీద ట్రోవాన్ అనే యాంటీబయాటిక్‌ను పరీక్షించింది. తల్లిదండ్రులకు అది ప్రయోగమని సరిగ్గా చెప్పలేదన్న ఆరోపణలతో కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు కానీ 2009లో కానో రాష్ట్రంతో 7.5 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. 2003లో అదే ప్రాంతంలో పోలియో చుక్కలను జనం తిరస్కరించారు, అక్కడి నుంచి పోలియో మళ్లీ వేరే దేశాలకు పాకింది. ఆ తిరస్కరణకు చాలా కారణాలున్నాయి, ట్రోవాన్ జ్ఞాపకం వాటిలో ఒకటని చాలామంది విశ్లేషకులు రాశారు. ఒక ట్రయల్‌లో పోయిన నమ్మకం ఏడేళ్ల తర్వాత, ఏ సంబంధం లేని ఇంకో టీకాకు అడ్డం పడగలదు.

ఊపిరాడని రోగి నుంచి సమ్మతి ఎలా తీసుకుంటారు?

దీనికి మా కమిటీలో జరిగిందే చెబుతాను. 2020లో ఒక రాత్రి తొమ్మిదింటికి ఫైలు వచ్చింది, పొద్దున్నకల్లా అభిప్రాయం చెప్పాలి. సమ్మతి పత్రం 14 పేజీలు. ఐదో పేజీలో "ఈ పత్రాన్ని మీతో ఇంటికి తీసుకెళ్లి, కుటుంబ సభ్యులతో తీరిగ్గా చర్చించి నిర్ణయం తీసుకోండి" అని ఉంది. చదివి ఆగిపోయాను. ఆ రోగి ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది, కుటుంబాన్ని వార్డు గుమ్మం దాటనివ్వడం లేదు, ఆ కాగితం వార్డులోకి వెళ్తే మళ్లీ బయటకు రానివ్వరు. మామూలు రోజుల్లో వాడే పత్రాన్నే పేరు మార్చి పంపారు. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు, రాయడానికి టైం లేదంతే.

పొద్దున ఫోన్ కాల్‌లో నేను అడిగింది చిన్న ప్రశ్న: దీన్ని ఆయనకు ఎవరు చదివి వినిపిస్తారు? కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత గంటలో అంతా మారింది. ముఖ్యమైనదంతా ఒక్క పేజీలోకి తెచ్చారు. ట్రయల్‌తో సంబంధం లేని నర్సు ఒకరు దాన్ని చదివి వినిపించాలి, అదే సమయంలో ఇంట్లోవాళ్లు స్పీకర్ ఫోన్‌లో ఉండాలి, రోగి మాట్లాడలేకపోతే తల ఊపి చెప్పినా సాక్షి సంతకంతో చెల్లుతుంది, కాస్త కోలుకున్నాక మళ్లీ అడగాలి, వద్దంటే అక్కడితో ఆపేయాలి అని రాశారు. ట్రయల్ ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదు.

ఎమర్జెన్సీ కాబట్టి సమ్మతి అక్కర్లేదు అనేవాళ్లకు ఇంకో సంగతి. వైద్య పరిశోధనకు ప్రపంచమంతా ఆధారంగా తీసుకునే 1964 నాటి హెల్సింకీ ప్రకటనను 2024 అక్టోబరులో సవరించినప్పుడు, ప్రజారోగ్య అత్యవసర పరిస్థితుల్లోనూ ఈ సూత్రాలను పాటించాల్సిందేనని అందులో నేరుగా చేర్చారు.

ఎథిక్స్ కమిటీలు పనిని ఆలస్యం చేస్తాయి కదా?

కొన్నిసార్లు చేస్తాయి, ఒప్పుకోవాలి. నెలకోసారి కూర్చునే కమిటీ, ఒకే ట్రయల్‌ను పది ఆసుపత్రుల్లో పది కమిటీలు విడివిడిగా చదవడం, ఒకరు అడిగినదే ఇంకొకరు మళ్లీ అడగడం, వీటితో ప్రాణాలు పోతాయి. ఇది నైతికతలో లోపం కాదు, ఏర్పాట్లలో లోపం, సరిచేయగలిగిన లోపం. జబ్బు పేరు, మందు పేరు ఖాళీగా వదిలేసి మిగతా ప్రోటోకాల్‌ను, అంటే ట్రయల్ ఎలా జరపాలో రాసిన ప్రణాళికనంతా, ముందే చదివి పెట్టుకోవచ్చు. అలా చేస్తే జబ్బు వచ్చిన రోజు చూడాల్సింది నాలుగు పేజీలే. చాలా కమిటీల తరఫున ఒకటే పరిశీలించేలా ముందే ఒప్పందం చేసుకోవచ్చు. ఆఫ్రికాలో అవారెఫ్ అనే వేదిక కింద అనేక దేశాల ఎథిక్స్ కమిటీలు, మందుల నియంత్రణ అధికారులు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఫైళ్లు చూస్తారు. రికవరీ ట్రయల్‌లో ప్రోటోకాల్ రాసిన 9 రోజులకే తొలి రోగి చేరారు, అదీ ఎథిక్స్ అనుమతితోనే. త్వరగా చేయడం వేరు, చూడకుండా వదిలేయడం వేరు.

వెంటిలేటర్ ఒకటే ఉంటే ఎవరికి ఇవ్వాలి?

నా దగ్గర ఒక్క మాటలో జవాబు లేదు, ఉందని ఎవరైనా అంటే జాగ్రత్తగా ఉండండి. బతికే అవకాశం ఎవరికి ఎక్కువో చూడాలన్నది చాలా మార్గదర్శకాలు ఒప్పుకునే మొదటి మాట. ఆ అవకాశం సమానంగా ఉంటే లాటరీ వేయాలా, ముందొచ్చిన వాళ్లకా, చిన్నవాళ్లకా, వైద్య సిబ్బందికా అన్న దగ్గర అభిప్రాయాలు చీలిపోతాయి.

ఏం చేయకూడదో మాత్రం స్పష్టంగా చెప్పొచ్చు. 2020 మార్చి 20న బ్రిటన్‌లో నైస్ సంస్థ కోవిడ్ ఐసీయూ మార్గదర్శకం ఇచ్చింది. ఒళ్లు ఎంత బలహీనపడిందో కొలిచే ఒక స్కేలును అందరికీ వాడమంది. ఆ స్కేలులో, రోజువారీ పనులకు ఇంకొకరి సాయం కావాలంటే స్కోరు పెరుగుతుంది. ఆటిజం ఉన్న పాతికేళ్ల మనిషికి సాయం కావాలి, కానీ ఊపిరితిత్తులు, గుండె గట్టిగా ఉండొచ్చు. ఆ స్కేలు ప్రకారం అతను చావుకు దగ్గరగా ఉన్న వృద్ధుడితో సమానం అయిపోతాడు. కుటుంబాలు, సంఘాలు గొడవ చేశాయి, ఐదు రోజుల్లో దాన్ని మార్చారు. అమెరికాలోని అలబామాలో ఇంకా ఘోరం, తీవ్రమైన మేధో వైకల్యం ఉన్నవాళ్లకు వెంటిలేటర్ ఇవ్వకపోవచ్చని 2010 నాటి ప్రణాళికలో ఉంది. 2020 ఏప్రిల్‌లో ఫెడరల్ అధికారులు జోక్యం చేసుకున్నాకే అది పోయింది. పదేళ్లు అది ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది! ఆ రెండు బల్లల దగ్గరా వికలాంగుడైన ఒక్క మనిషి కూర్చుని ఉంటే మొదటి గంటలోనే పట్టుకునేవాడు.

ఇంకొకటి, మంచం పక్కన ఉన్న డాక్టరే ఈ నిర్ణయం తీసుకోకూడదు. ఆ రోగికి చికిత్స చేసేవాళ్లు వేరు, వరుస తేల్చే బృందం వేరుగా ఉండాలి. అది రోగికీ న్యాయం, డాక్టర్‌కూ న్యాయం.

బలవంతంగా క్వారంటైన్ చేయడం ఎప్పుడైనా సరైనదేనా?

ఒక్కోసారి తప్పదు, కానీ ఎలా చేశారన్నదే ముఖ్యం. 2014 ఆగస్టు 20న లైబీరియా రాజధాని మన్రోవియాలో వెస్ట్ పాయింట్ అనే మురికివాడను ఉన్నట్టుండి దిగ్బంధం చేశారు. వేలాది మంది నిద్రలేచేసరికి చుట్టూ కంచెలు, పోలీసులు, సైనికులు. తిండి ఎలా, నీళ్లెలా, పని పోతే డబ్బులెలా అన్న ఏర్పాటు లేదు. జనం కంచె మీదికి దూకారు, కాల్పులు జరిగాయి, పదిహేనేళ్ల కుర్రాడు చనిపోయాడు. పది రోజులకు దిగ్బంధం ఎత్తేశారు. ఆ తర్వాత లైబీరియాలో వ్యాధి తగ్గడానికి ఎక్కువగా ఉపయోగపడింది వాడల్లోని పెద్దలు, యువకులు తామే ఇల్లిల్లూ తిరిగి రోగులను గుర్తించడం, తిండి చేర్చడం. మనిషిని ఇంట్లో ఉండమంటే అతని పొయ్యి వెలిగే బాధ్యత మనదే. అది దయతో చేసేది కాదు, అడిగినదానికి మనం ఇవ్వాల్సిన బదులు.

జబ్బుపడినవాళ్ల వివరాలు బయటపెట్టొచ్చా?

అవసరమైనంతే, అవసరమైనన్ని రోజులే. 2020 మేలో దక్షిణ కొరియాలోని ఇటెవాన్ క్లబ్బుల్లో కేసులు వచ్చాయి, వాటిలో కొన్ని స్వలింగ సంపర్కులు వెళ్లే క్లబ్బులని వార్తలు రాగానే ద్వేషం మొదలైంది. టెస్టుకు వస్తే బతుకు బజారున పడుతుందని జనం దాక్కున్నారు. సోల్ నగరం పేరు అడక్కుండా టెస్టులు చేయడం మొదలుపెట్టాకే ముందుకొచ్చారు. సింగపూర్‌లో ట్రేస్‌టుగెదర్ యాప్ డేటాను కాంటాక్టులు వెతకడానికే వాడతామని చెప్పి, నేర విచారణల్లో పోలీసులు కూడా తీసుకోవచ్చని 2021 జనవరిలో ఒప్పుకున్నారు. నమ్మినవాళ్లు బాధపడ్డారు, ఫిబ్రవరిలో తీవ్రమైన నేరాలకే పరిమితం చేస్తూ చట్టం తెచ్చారు. ఇచ్చిన మాటను మధ్యలో మార్చడం కంటే ముందే నిజం చెప్పడం ఎంతో మేలు.

గర్భిణులను ఎందుకు పక్కన పెడతారు?

భయంతో. కాపాడుతున్నాం అనుకుంటూ. 2018లో కాంగోలో ఎబోలా టీకా వేయడం మొదలైనప్పుడు గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వేయలేదు. టీకాతో ప్రమాదం ఉందేమో తెలియదు, కానీ ఎబోలా వస్తే తల్లీ బిడ్డా బతకడం ఎంత కష్టమో బాగా తెలుసు. తెలియని చిన్న ప్రమాదానికి భయపడి తెలిసిన పెద్ద ప్రమాదంలో వదిలేశారు. 2019లో ఆ నిర్ణయం మార్చారు. పరిశోధనలోంచి తీసేయడం కూడా ఒక నిర్ణయమే, దానికీ కారణం చూపించాలి.

వైద్య సిబ్బంది ప్రాణాలకు తెగించి రావాల్సిందేనా?

బాధ్యత ఉంది, కానీ ఒకవైపే లేదు. 2020 జనవరి నుంచి 2021 మే మధ్య కోవిడ్‌తో సుమారు 1,15,500 మంది ఆరోగ్య కార్యకర్తలు చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. మాస్కులు, సూట్లు, జీతం, బీమా, విశ్రాంతి ఇవ్వకుండా "మీరు దేవుళ్లు" అని చప్పట్లు కొడితే సరిపోదు. ఊడ్చేవాళ్లు, అంబులెన్స్ డ్రైవర్లు, శవాలు మోసేవాళ్లు కూడా ఈ లెక్కలోకి రావాలి. మార్గదర్శకాలు రాసేటప్పుడు అందరికంటే ముందు మర్చిపోయేది వాళ్లనే.

దేశాల మధ్య న్యాయం మాటేమిటి?

2007లో ఇండోనేషియా తన బర్డ్ ఫ్లూ వైరస్ నమూనాలను ఇవ్వనంది. మేం ఇచ్చిన వైరస్‌తో వేరే దేశపు కంపెనీ టీకా తయారుచేస్తుంది, అది మాకే కొనుక్కోలేని ధరకు వస్తుంది, ఇదెక్కడి న్యాయం అని అడిగింది. ప్రపంచాన్ని ప్రమాదంలో పెట్టిందని చాలామంది తిట్టారు, కానీ అడిగిన ప్రశ్నలో తప్పు లేదు. నాలుగేళ్ల చర్చల తర్వాత 2011లో ఫ్లూ నమూనాలు పంచుకునే దేశాలకు టీకాల్లో వాటా దక్కేలా ఒక ఒప్పందం కుదిరింది. కానీ అది ఫ్లూకే. ఎంపాక్స్ (మంకీపాక్స్) విషయంలో 2022లో ధనిక దేశాలు టీకాలు వేసుకున్నాయి, దశాబ్దాలుగా ఆ జబ్బుతో వేగుతున్న కాంగోకు తొలి డోసులు చేరింది 2024 సెప్టెంబరులో. 2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సభ మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించింది, సమన్యాయం అన్న మాట అందులో ఉంది. అయితే నమూనాలు ఇచ్చినవాళ్లకు ఏం దక్కాలన్న అసలు చిక్కుముడిని అనుబంధంలో తేల్చుకుందామని తర్వాతి చర్చలకు వదిలారు.

ఈ పనికి నిపుణులంటే ఎవరు? తత్వశాస్త్రం చదివినవాళ్లా?

వాళ్లూ కావాలి, వాళ్లొక్కరే చాలరు. పశ్చిమాఫ్రికాలో ఎబోలా సోకడానికి ఒక పెద్ద దారి అంత్యక్రియలు. శవాన్ని కడిగి, తాకి సాగనంపడం అక్కడి ఆచారం, చనిపోయినవాళ్ల శరీరంలో వైరస్ విపరీతంగా ఉంటుంది. మొదట్లో తెల్ల సూట్లు వేసుకున్న మనుషులు వచ్చి శవాన్ని సంచిలో వేసి పట్టుకుపోయారు. కుటుంబాలు రోగులను దాచడం మొదలుపెట్టాయి. ఆ సమాజాలను తెలిసిన మానవశాస్త్రవేత్తలు, మత పెద్దలు కూర్చుని మాట్లాడాక, 2014 నవంబరులో సురక్షితమైన, గౌరవప్రదమైన ఖననానికి కొత్త పద్ధతి వచ్చింది. కుటుంబం దూరం నుంచి చూడొచ్చు, ప్రార్థన చేయొచ్చు, సమాధి ఎక్కడో తెలుస్తుంది. వైరస్ గురించిన జ్ఞానం పాతదే, మారింది గౌరవం.

కాబట్టి నా దృష్టిలో ఆ బల్ల దగ్గర ఎథిక్స్ చదివిన ఒకరు, అంటువ్యాధుల డాక్టర్ ఒకరు, వార్డులో పనిచేసే నర్సు, చట్టం తెలిసినవాళ్లు, ఆ సమాజం భాష మాట్లాడే మనిషి, ఆ జబ్బు బారినపడి లేచిన మనిషి ఉండాలి. ఇలాంటివాళ్లను దేశాల మధ్య కలిపేందుకు ఫెప్రెన్ లాంటి నెట్‌వర్కులు ఉన్నాయి, కానీ ప్రతి దేశానికి, ప్రతి పెద్ద ఆసుపత్రికి సొంత మనుషులు కావాలి. బయటి నిపుణుడికి ఆ రాత్రి ఆ వార్డు ఎలా ఉందో తెలియదు.

సలహా ఇస్తే అధికారులు వినకపోతే?

చాలాసార్లు వినరు. వినాలని బలవంతం చేసే అధికారం సలహా సంఘానికి ఉండకూడదు కూడా, ఎందుకంటే ప్రజలకు జవాబు చెప్పాల్సింది ప్రభుత్వమే. కానీ సలహా రాతపూర్వకంగా ఉండాలి, అందరికీ కనపడాలి, పాటించకపోతే ఎందుకు పాటించలేదో అధికారులు చెప్పాలి. మూసిన తలుపుల వెనక మంత్రి చెవిలో చెప్పే సలహాకు నేను పెద్దగా విలువ ఇవ్వను. జరిగిన తర్వాత ఏం తప్పు చేశామో చూసుకునే సమీక్ష కూడా ముందే రాసిపెట్టుకోవాలి, లేకపోతే అందరూ అలసిపోయి ఇళ్లకు వెళ్లిపోతారు.

మా సంస్థ చిన్నది, డబ్బుల్లేవు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పెద్ద పత్రం రాయడంతో మొదలుపెట్టకండి. అరపూట డ్రిల్‌తో మొదలుపెట్టండి. అగ్నిమాపక డ్రిల్ చేస్తాం కదా, అలాగే. ఒక ఊహాజనిత పరిస్థితి ఇవ్వండి: రాత్రి రెండింటికి కొత్త జ్వరంతో ముప్పై మంది వచ్చారు, పరీక్షలో ఉన్న మందు ఆరుగురికే ఉంది, ఒక రోగి ఈ ఆసుపత్రి డాక్టరే. ఎవరు నిర్ణయిస్తారు, ఎవరికి ఫోన్ చేస్తారు, ఎక్కడ రాస్తారు, పొద్దున కుటుంబాలకు ఎవరు చెబుతారు? రెండు గంటల్లో మీ ఖాళీలన్నీ మీకే కనపడతాయి.

మా దగ్గర తొలి డ్రిల్‌లో జాబితాలో ఉన్న పది మందికి ఫోన్ చేస్తే ఎత్తింది నలుగురు. ఇద్దరి నంబర్లు ఎప్పుడో మారిపోయాయి, ఒకరు రిటైరై రెండేళ్లయింది. ఆ జాబితాను ఇప్పుడు ఆరు నెలలకోసారి, ప్రతి నంబరుకూ నిజంగా ఫోన్ చేసి సరిచూస్తున్నాం.